ఆ రాత్రి ఇంటికొచ్చేదెవరు?

చేలో పాము కరిస్తే ఏం చేయాలో పల్నాడులో పదేళ్ల పిల్లాడిని అడిగినా చెబుతాడు. 108కి ఫోన్ చేయాలి. పురుడొచ్చినా అంతే, గుండె పట్టేసినా అంతే. 2005 ఆగస్టు 15న రోడ్డెక్కిన ఆ బండి ఈ ఇరవై ఏళ్లలో మనింట్లో మనిషైపోయింది.

సరే, ఇంకో ప్రశ్న. ఇంటర్ రెండో ఏడాది చదివే కుర్రాడు మూడు రోజుల్నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. ఫోన్ పక్కన పడేశాడు. స్నేహితులు వస్తే బయటికి రావడం లేదు. రాత్రి తొమ్మిదింటికి వాళ్లమ్మతో, ‘నేను లేకపోతే మీకు సగం అప్పు తగ్గుద్దిలేమ్మా’ అన్నాడు. ఇప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? ఎవరొస్తారు?

మన ఊళ్లలో ఈ ప్రశ్నకి దొరికే జవాబులు నాలుగే. వాళ్ల మేనమామని పిలిపించాలి. తెల్లారాక ఆర్‌ఎంపీకి చూపించాలి. ఎవరిదైనా దిష్టి తగిలిందేమో తాయెత్తు కట్టించాలి. లేదా... ‘వయసు కదా, అదే సర్దుకుంటుంది’ అని పడుకోవాలి. మేనమామని పిలవడం మంచి పనే. కానీ ఆయన మాచర్లలోనో మార్కాపురంలోనో ఉంటాడు. పొద్దున్నే వస్తాడు. మధ్యలో ఒక రాత్రి ఉంది. మూలనున్న గదిలో పురుగుమందు డబ్బాలూ ఉన్నాయి.

ఈ వారం ఆ ఒక్క రాత్రి గురించే.

పంటకీ పరీక్షకీ ఒకే నెల
గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లో ఓ చిత్రం ఉంది. ఇక్కడ మిరప కోతలు జనవరిలో ఊపందుకుంటాయి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్... కల్లాల్లో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు కాయలు ఆరుతుంటాయి. గుంటూరు యార్డుకి టిక్కీలు వెల్లువెత్తుతుంటాయి. ధర తేలేదీ అప్పుడే, కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చిన పెట్టుబడికి వడ్డీ లెక్క తేలేదీ అప్పుడే. కౌలు కట్టాల్సిందీ అప్పుడే.

ఇంటర్ పరీక్షలూ సరిగ్గా అప్పుడే! ఏప్రిల్‌లో ఫలితాలు. 2023లో ఏప్రిల్ 26న, 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ 12న వచ్చాయి. కొడుకుని గుంటూరులోనో విజయవాడలోనో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించిన రైతు ఆ ఫీజు మిరప మీదే పెట్టుకుని ఉంటాడు. కాయ తాలు పోయినా, ధర పడిపోయినా దెబ్బ పొలంలో ఆగదు, హాస్టల్ గది దాకా వెళ్తుంది. అబ్బాయికి మార్కులు తగ్గితే ఆ దెబ్బ తిరిగి ఇంటికొస్తుంది. నాన్న అప్పు సంగతి పిల్లాడికి తెలుసు. పిల్లాడి భయం మాత్రం నాన్నకి తెలీదు.

2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల్ని పూతలోనే పీల్చేసింది. 2025 ఫిబ్రవరిలో తెగులు కాదు, ధర దెబ్బకొట్టింది. యార్డులో రేటు ఎంతగా పడిపోయిందంటే, క్వింటాలుకి రూ.11,781 చొప్పున లెక్కగట్టి కేంద్రం మార్కెట్ జోక్య పథకాన్ని ప్రకటించాల్సి వచ్చింది. టీవీల్లో, పేపర్లలో అది ధరల వార్త. అదే సమయంలో ఆ ఇళ్లలో ప్రాక్టికల్స్ అయిపోయి, థియరీకి సిద్ధమవుతున్న పిల్లలున్నారు. వాళ్ల గురించి ఏ వార్తా లేదు.

అందుకే ‘రైతు సమస్య’ అనీ ‘విద్యార్థి సమస్య’ అనీ మనం రెండు ఫైళ్లు పెట్టుకున్నాం కానీ, ఈ నేలమీద అవి రెండూ ఒకే ఇంటి సమస్య.

పోయాక వచ్చేవాళ్లు
పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తర్వాత వరంగల్‌లో అదే కథ. 2004లో ప్రభుత్వం జీవో 421 తెచ్చింది. రైతు ప్రాణం తీసుకుంటే కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం. అది నిజంగా పంట అప్పుల వల్లేనా అని తేల్చడానికి రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో కమిటీ.

ఆ సాయం అవసరమే. కాదనలేం. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనిషి పోయాక ఇంటికి మూడు శాఖల వాళ్లొస్తారు. పాస్‌బుక్కులు చూస్తారు, ప్రామిసరీ నోట్లు చూస్తారు, పక్కింటివాళ్లని అడుగుతారు. ఇంత ఓపికగా, ఇంత వివరంగా వాళ్ల కష్టం వినేవాళ్లు ఓ నెల ముందు ఒక్కరొస్తే?

దేశం మొత్తం మీద 2022లో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వారిలో 13,044 మంది విద్యార్థులు. పోయినవాళ్లలో సుమారు నాలుగోవంతు మంది విషం తాగినవారే. మనలాంటి మందుకొట్టే పల్లెల్లో ఆ చివరి అంకెకి అర్థం వేరే చెప్పక్కర్లేదు.

ఫోను ఉంది... బండి?
మానసిక ఆరోగ్యం గురించి అమెరికాలో ఇప్పుడు ఓ మాట బాగా వినపడుతుంది. కష్టంలో ఉన్న మనిషికి మూడు కావాలట. మాట్లాడటానికి ఒకరు, వచ్చి చూడటానికి ఒకరు, వెళ్లడానికి ఓ చోటు. 2022 జులైలో అక్కడ 988 అనే మూడంకెల నంబరు మొదలైనప్పుడు ఈ మూడింటినీ కలిపి కట్టాలనే అనుకున్నారు.

మన దగ్గర మూడింటిలో ఎన్ని ఉన్నాయో చూద్దాం.

మాట్లాడటానికి ఒకరున్నారు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్రం టెలీ మానస్ ప్రారంభించింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్ దీనికి పెద్ద దిక్కు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యులకి కలుపుతారు. నేరుగా చూపించుకోవాలంటే దగ్గర్లోని ఆసుపత్రికో, జిల్లా మానసిక ఆరోగ్య బృందానికో అప్పగిస్తారు. 2025 నాటికి దేశమంతటా ఈ నంబరుకి వచ్చిన ఫోన్లు 20 లక్షలు దాటాయి. అంటే ఫోన్ చేసేవాళ్లు లేరన్న మాట ఇక చెల్లదు.

వెళ్లడానికి చోటూ ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అన్నది మనకి కొత్తేమీ కాదు. 1996లో దేశంలో తొలిగా నాలుగే నాలుగు జిల్లాల్లో మొదలైతే, వాటిలో ఒకటి అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్!

లేనిది మధ్యది. వచ్చి చూడటానికి ఒకరు.

108 వస్తుంది కదా అంటారా? వస్తుంది... మందు తాగాక. గదిలో తలుపేసుకుని కూర్చున్న పిల్లాడి కోసం, అప్పుల చిట్టా ముందేసుకుని మాట్లాడకుండా కూర్చున్న తండ్రి కోసం, నాలుగు రోజులుగా నిద్రలేకుండా ఊరంతా తిరుగుతున్న అమ్మాయి కోసం బయల్దేరే బండి లేదు. ఇక మిగిలింది 112. పోలీసు జీపు ఇంటిముందు ఆగితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. వీధి వీధంతా గుమికూడుతుంది. పరువు పోయిందని ఇంట్లోవాళ్లూ, తప్పుచేసినవాడిలా పిల్లాడూ తల దించుకుంటారు.

అక్కడా ఇక్కడా
ఇలాంటి బండి ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, యూజీన్ పట్టణానికి వెళ్లాలి. 1989లో అక్కడ ఓ స్వచ్ఛంద ఆసుపత్రి ‘కాహూట్స్’ పేరుతో వ్యాను నడపడం మొదలుపెట్టింది. అందులో ఇద్దరే. ఒకరు ప్రథమ చికిత్స తెలిసినవారు, ఇంకొకరు మనిషితో మాట్లాడటంలో శిక్షణ ఉన్నవారు. తుపాకీ లేదు, యూనిఫాం లేదు. పోలీసులకొచ్చే ఫోన్లలో ‘ఇది లాఠీ పని కాదు’ అనిపించినవాటిని ఈ వ్యానుకి పంపేవారు. ఎన్నో నగరాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. 36 ఏళ్లు నడిచి, డబ్బు చాలక, 2025 ఏప్రిల్‌లో యూజీన్‌లో ఆ సేవ ఆగిపోయింది. మంచి పని అయినంత మాత్రాన అది దానంతట అది నిలబడదు, ఏటా బడ్జెట్‌లో ఓ పద్దు ఉండాలి... అన్న పాఠం కూడా అక్కడే ఉంది.

అంత దూరం ఎందుకంటే, పక్కనే తమిళనాడులో చెన్నైకి చెందిన స్కార్ఫ్ సంస్థ పుదుక్కోట్టై పల్లెల్లో ఓ బస్సు తిప్పింది. బస్సులో తెర, ఆ తెరమీద చెన్నైలోని డాక్టరు, బస్సులోనే మందులు. పేషెంటు ఊరు దాటక్కర్లేదు.

మన తెలుగు నేలమీద జరిగినవి ఇంకా దగ్గరగా ఉంటాయి. 2017లో వికారాబాద్ జిల్లాలో కలెక్టర్ దివ్యా దేవరాజన్ చొరవతో ‘కిసాన్ మిత్ర’ హెల్ప్‌లైన్ మొదలైంది. తర్వాత ఆదిలాబాద్‌కీ వెళ్లింది. అందులో గొప్ప సంగతేంటంటే, ఫోన్ ఎత్తినవాళ్లు ‘ధైర్యంగా ఉండండి’ అని పెట్టేయరు. పాస్‌బుక్ రాలేదా, బ్యాంకువాళ్లు తిప్పుతున్నారా, బోరు ఎండిందా... అసలు ముల్లు ఎక్కడుందో కనుక్కుంటారు. సంబంధిత అధికారికి చేరవేస్తారు. అవసరమైతే క్షేత్రస్థాయి కార్యకర్త ఇంటికి వెళ్తారు. మనసులో బరువు దిగడానికి ఒక్కోసారి మాత్ర కాదు, తహసీల్దారు సంతకం కావాలి అన్న నిజాన్ని వాళ్లు పట్టుకున్నారు.

పశ్చిమగోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంకో పని చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, ఇంటింటికీ పంపి, దిగులు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లని గుర్తించి పీహెచ్‌సీ డాక్టరుకి చూపించే ఏర్పాటు చేశారు. అంతకుముందు ఆ గిరిజన గ్రామాల్లో సమస్య ఉన్నవాళ్లలో నూటికి ఒక్కరు కూడా వైద్యసాయం తీసుకోలేదు. ఆ తర్వాత నూటికి పన్నెండుమంది దాకా తీసుకున్నారు. ఆ పన్నెండుమందినీ కదిలించింది ఏ నిపుణుడో కాదు, ఆ ఊరి ఆశా కార్యకర్తే.

వచ్చినవాళ్లు ఏం చేస్తారు?
‘వచ్చి ఏం చేస్తారండీ? మాటలేగా చెప్పేది!’ అని పెదవి విరిచేవాళ్లుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం వినడమే. ఆ వినడానికీ ఓ పద్ధతుంది.

మొదట వాళ్లు చేసేది గుంపుని పలచబరచడం. పిన్నులూ బాబాయిలూ పక్కింటివాళ్లూ అందరూ ఒకేసారి ‘నీకేం తక్కువరా’ అని మీదపడుతుంటే ఏ పిల్లాడూ నోరు విప్పడు. ఒకరు పిల్లాడితో కూర్చుంటారు, ఇంకొకరు అమ్మానాన్నల్ని పక్కకి తీసుకెళ్లి మాట్లాడతారు. ఇద్దరు రావాలనేది అందుకే.

తర్వాత సూటిగా అడుగుతారు. ‘చనిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనందరికీ భయం. కానీ పరిశోధనలన్నీ చెప్పేది దానికి విరుద్ధం. అడిగితే ఆలోచన పుట్టదు. అడిగినందుకు ఆ మనిషికి ఊపిరాడుతుంది. ఇన్నాళ్లూ ఎవరూ అడగని మాట కదా!

ఆ తర్వాత ఓ కాగితం తీస్తారు. మళ్లీ ఆ ఆలోచన వచ్చే ముందు ఏమవుతుంది? అప్పుడు కాసేపు మనసు మళ్లించడానికి నువ్వేం చేయగలవు? ఎవరి దగ్గరికి వెళ్తే తేలిగ్గా ఉంటుంది? అమ్మమ్మా? క్రికెట్ ఆడే మస్తానా? ఫోన్ చేయదగ్గ ముగ్గురెవరు? ఇంట్లో తీసేయాల్సినవి ఏమిటి? ఇవన్నీ ఆ పిల్లాడి చేతే, వాడి మాటల్లోనే రాయిస్తారు. దాన్ని భద్రతా ప్రణాళిక అంటారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోవచ్చు. పైకి చూస్తే చాలా చిన్న పనిలా ఉంటుంది. కానీ ఆ ఆలోచన అలలా వస్తుంది, ఉవ్వెత్తున లేస్తుంది, తగ్గుతుంది. అది లేచినప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇంట్లోవాళ్లకీ పని చెబుతారు. ఈ రాత్రి ఎవరు పిల్లాడి పక్కన పడుకోవాలి? మార్కుల మాట ఎన్నాళ్లు ఎత్తకూడదు? రేపు ఎన్నింటికి, ఏ ఆసుపత్రిలో, ఏ గదికి వెళ్లాలి? ‘ఒకసారి చూపించుకోండి’ అని వదిలేయడానికీ, ‘రేపు పదింటికి జీజీహెచ్ ఓపీలో నేనుంటాను, రండి’ అనడానికీ చాలా తేడా ఉంది.

పిల్లాడికి పిచ్చి చూపులు, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనడం, గుర్తుపట్టకపోవడం లాంటివి ఉంటే అది వేరే దారి. ఆ రాత్రే ఆసుపత్రి. ఆ తేడా కనిపెట్టగలగడమే వాళ్ల చదువు.

డబ్బా సంగతి
మన పల్లెల్లో మందు డబ్బాలు ఎక్కడుంటాయి? మంచం కింద, అటక మీద, స్నానాల గది పక్కన, ఎరువు బస్తాల మీద. సగం వాడినవి, మూతలు సరిగ్గా లేనివి. దొంగలెత్తుకుపోతారనీ, చేలో పెడితే ఎండకి పాడవుతాయనీ ఇంట్లోనే దాచుకుంటాం.

ఆత్మహత్య ఆలోచన చాలామందిలో కొద్ది గంటల ఉప్పెనే. ఆ కొద్ది గంటలూ చేతికి ఏదీ అందకపోతే ఎంతోమంది బతుకుతారు. బతికినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ దారి పట్టరు కూడా. చెన్నైలోని ‘స్నేహ’ సంస్థ ఈ ఆలోచనతోనే కడలూరు జిల్లాలో రెండు గ్రామాల్లో బ్యాంకు లాకర్ల గదిలాంటివి కట్టించింది. రైతులు మందులు అక్కడ దాచుకుంటారు. కావాల్సినప్పుడు కాపలా మనిషి సమక్షంలో తీసుకెళ్తారు. అడిగి తీసుకోవాలి అన్న ఆ చిన్న ఆలస్యమే అక్కడి మందు.

అయితే ఇంటికో తాళం పెట్టె ఇచ్చేస్తే సరిపోతుందనుకోవద్దు. శ్రీలంకలో 180 ఊళ్లలో అలా పెట్టెలిచ్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం పెద్ద మార్పేమీ లేదు. తాళం చెవి ఇంట్లోనే ఉంటే అంతేగా మరి! శ్రీలంకని నిజంగా మార్చింది వేరే. 1995 నుంచి అతి విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. ఒకప్పుడు ప్రపంచంలోనే ఎక్కువ ఆత్మహత్యలు జరిగే దేశాల్లో ఒకటైన శ్రీలంకలో ఆ రేటు రెండు దశాబ్దాల్లో 70 శాతం దాకా తగ్గింది. పంట దిగుబడులు మాత్రం పడిపోలేదు.

కాబట్టి ఇది ఒక్క ఇంటి బాధ్యత కాదు. కానీ ఆ రాత్రి మటుకు ఇంటి బాధ్యతే. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడినరోజు డబ్బాలన్నీ ఓ సంచిలో వేసి, వేరేవాళ్లింట్లో పెట్టి రండి. తిట్టుకుంటారనీ, నవ్వుతారనీ చూడొద్దు.

కేసవుతుందేమో!
చాలా ఇళ్లలో నోరు మూయించేది ఈ భయమే. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు, కాలేజీలో పేరు పాడు, రేపు ఉద్యోగానికి ఇబ్బంది, అమ్మాయైతే పెళ్లికి అడ్డం...

ఒకప్పుడు ఈ భయంలో నిజం ఉంది. ఐపీసీ 309 ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 నుంచి అమలైంది. అందులోని 115వ సెక్షన్ ఏం చెబుతుందంటే, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం సంరక్షణ, వైద్యం అందించాలి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక పాత 309 సెక్షనే లేకుండా పోయింది. ప్రభుత్వోద్యోగిని ఫలానా పని చేయమనో మానమనో బెదిరించడానికి అలా ప్రయత్నిస్తే మాత్రమే ఇప్పుడు శిక్ష. ఆసుపత్రిలో మెడికో లీగల్ అని రాసుకుంటారు, నిజమే. అది రికార్డు, శిక్ష కాదు. ఈ నాలుగు ముక్కలు మన ఊరి రచ్చబండ మీద ఎవరైనా గట్టిగా చెబితే బాగుండు.

కాలేజీలకీ ఇప్పుడు తప్పించుకునే వీల్లేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023లో మరణించిన ఓ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం, నలుగురిలో అవమానించడం కుదరదు. ఈ ఏడాది పిల్లాడిని చేర్పించేటప్పుడు ఫీజుతోపాటు ఇదీ అడగండి. ‘మీ కౌన్సెలర్ ఎవరండీ? ఏ గదిలో ఉంటారు?’ అని. కౌంటర్ దగ్గర నీళ్లు నమిలితే విషయం మీకే అర్థమవుతుంది.

తొమ్మిదిసార్లు
ఆ రాత్రి గడిచింది. బండి వెళ్లిపోయింది. పని అయిపోయినట్టేనా? అసలు పని అప్పుడే మొదలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఓ అధ్యయనం చేసింది. చెన్నై కూడా అందులో ఒకటి. ఆత్మహత్యకి ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని తీసుకున్నారు. సగంమందికి మామూలు వైద్యం. మిగతావాళ్లకి దానితోపాటు ఓ గంటసేపు వివరంగా మాట్లాడటం, ఆపైన ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికెళ్లి పలకరించడమో... అంతే. 2008లో ఫలితాలొచ్చాయి. మామూలు వైద్యం పొందినవాళ్లలో ఆత్మహత్యతో పోయినవారు నూటికి 2.2. పలకరింపు అందినవాళ్లలో 0.2.

ఖరీదైన యంత్రాలు లేవు. కొత్త మందులు లేవు. ‘ఎలా ఉన్నావు? ఆ మాత్రలు వేసుకుంటున్నావా? మళ్లీ గురువారం చేస్తాను’. తొమ్మిదిసార్లు. మన మేనమామలూ మేనత్తలూ చేయగలిగిన పనే ఇది. కాకపోతే వాళ్లు మొదటి వారం తొమ్మిదిసార్లు వస్తారు, రెండో నెల నుంచి మరిచిపోతారు!

ఇక్కడ ఎవరు చేయాలి?
కొత్తగా బండి కొనాలా? ముందు ఉన్నవి లెక్కేసుకుందాం. 2020 జులై 1న విజయవాడలో 104, 108 కలిపి 1,088 వాహనాలు ఒకేసారి బయల్దేరాయి. 104 బండి బీపీ, షుగరు చూడటానికి ఊళ్లలోకి వస్తుంది. గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం ఉంటారు. వీధి వీధినీ ఎరిగిన ఆశా కార్యకర్త ఉంటారు. ఏ ఇంట్లో వాయిదా కట్టలేదో పొదుపు సంఘం లీడరుకి అందరికంటే ముందు తెలుస్తుంది. ఏ రైతు అరువు మీద మందు తీసుకున్నాడో, ఏ రైతు ఉన్నట్టుండి కొట్టుకి రావడం మానేశాడో పురుగుమందుల దుకాణదారుకి తెలుసు. ఇంతమందికి ముక్కలు ముక్కలుగా తెలిసింది ఒకచోట చేరడం లేదు, అంతే.

జిల్లాకి రెండు జట్లు. ఒక్కో జట్టులో ఓ మానసిక ఆరోగ్య నర్సు, ఓ సామాజిక కార్యకర్త. రాత్రి పదకొండింటికి 14416కి ఫోనొస్తే, అవతల ప్రమాదం ఉందని కౌన్సెలర్‌కి అనిపిస్తే, సైరన్ లేకుండా బయల్దేరే ఓ మామూలు కారు. కనీసం జనవరి నుంచి మే దాకా, పంటా పరీక్షా ఒక్కటయ్యే ఆ అయిదు నెలలైనా. నరసరావుపేటలో ఒకటి, ఒంగోలులో ఒకటి మొదలుపెట్టి చూడొచ్చు కదా! దేశం 2022 నవంబరులో ఆత్మహత్యల నివారణకి జాతీయ వ్యూహం ప్రకటించింది. 2030 నాటికి మరణాల్ని 10 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ఆ పది శాతం ఢిల్లీలో తగ్గదు, ఇలాంటి ఊళ్లలోనే తగ్గాలి.

ఆ జట్టులో పనిచేసేవాళ్ల గురించీ ఓ మాట. రోజూ ఇతరుల చీకట్లోకి వెళ్లొచ్చే ఉద్యోగం అది. ఎంత చేసినా ఒక్కోసారి మనిషి దక్కడు. ఆ తెల్లవారి ఆ నర్సు ఇంటికెళ్లి పిల్లలకి క్యారేజీ కట్టాలి. అందుకే ఇలాంటి సేవలు బాగా నడిచేచోట జంటగా తప్ప ఒంటరిగా పంపరు, కష్టమైన కేసు తర్వాత కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, వరసగా రాత్రి డ్యూటీలు వేయరు. మన ఆశా కార్యకర్తల నెత్తిన మరో రిజిస్టరు పడేసి, ‘ఇది కూడా చూడమ్మా’ అంటే మాత్రం ఈ పని జరగదు. జీతం, శిక్షణ, విశ్రాంతి... మూడూ ఇవ్వాలి.

అంతదాకా? అంతదాకా మనమే. ఫలితాలొచ్చిన రోజు మీ వీధిలో తప్పిన పిల్లలుంటే, ‘ఎన్నొచ్చాయి’ అని కాకుండా ‘అన్నం తిన్నావా’ అని అడగండి. మేలో సప్లిమెంటరీ ఉందనీ, ఏడాది పోదనీ వాళ్ల నాన్నకి గుర్తుచేయండి. యార్డు నుంచి ఖాళీ చేతులతో వచ్చిన మనిషి అరుగు మీద ఒంటరిగా కూర్చుంటే, టీ గ్లాసుతో వెళ్లి పక్కన కూర్చోండి. అప్పు తీర్చనక్కర్లేదు. కాసేపు కూర్చుంటే చాలు.

గుర్తుంచుకోండి
* టెలీ మానస్: 14416. రోజంతా, తెలుగులో, ఉచితం. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.
* పిల్లల కోసం: 1098. ప్రాణాపాయం ఉంటే: 108, లేదా 112.
* ‘నేను లేకపోతే బాగుండు’ అన్న మాటని బెదిరింపుగా తీసిపారేయకండి. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడటం, నిద్ర, తిండి మానేయడం గమనించండి.
* ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి.
* ఎవరైనా మందు తాగారని తెలిస్తే ఉప్పునీళ్లు పట్టించడం, వాంతి చేయించడం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. డబ్బా చూసి డాక్టరు వైద్యం చేస్తారు, దాన్ని వెంట తీసుకెళ్లండి.